రోగాల పటం – 6: మదనపల్లె నుంచి బళ్లారి రోడ్డు దాకా

ప్లేగు దాక్కునే జబ్బు కాదు. 1898 ఆగస్టులో అది హుబ్లీ వైపు నుంచి రైలు మార్గాన బెంగళూరు చేరిన వైనం కిందటి భాగంలో చూశాం. ముందు ఎలకలు రాలాయి, తర్వాత మనుషులు. పేట ఖాళీ అయింది. అలాంటి జబ్బుకు పటం గీయడం పెద్ద పని కాదు. ఏ ఊళ్లో మొదటి చావు ఏ తేదీన పడిందో రాసుకుంటూ పోతే గీత దానంతటదే కనిపిస్తుంది. అంతకు 80 ఏళ్ల ముందు, 1818లో కలరా గంజాం మీదుగా కోస్తా వెంబడి మద్రాసుకు దిగినప్పుడు కుంఫిణీ డాక్టర్లు రాసుకున్నదీ తేదీలే. 1854లో లండన్‌లో జాన్ స్నో ఒక్కో చావుకు ఒక్కో చిన్న గుర్తు పెట్టి, ఆ గుర్తులన్నీ బ్రాడ్ స్ట్రీట్ చేతిపంపు చుట్టూ మూగడం చూపించాడు.

క్షయ దగ్గర ఈ విద్యలేవీ చెల్లవు.

క్షయకు తేదీ ఉండదు. క్రిమి ఒంట్లోకి చేరినవాళ్లలో నూటికి తొంభై మందికి జీవితాంతం జబ్బే రాదు. వచ్చేవాళ్లకైనా నెలలకో ఏళ్లకో వస్తుంది, అప్పటికి ఎవరి నుంచి అంటిందో చెప్పగలిగే నాథుడుండడు. లక్షణం చూద్దామంటే దగ్గు. పొయ్యి పొగకూ దగ్గే, చుట్టకూ దగ్గే, మిరపకాయల కళ్లంలోనూ దగ్గే. పైగా ఇంట్లో పెళ్లికెదిగిన పిల్లలుంటే ఆ జబ్బు పేరు గడప దాటదు. ఊరి రిజిస్టర్లలో చావుల్లో పెద్ద భాగం ‘జ్వరం’ ఖాతాలోకి పోయేది. రాబర్ట్ కాక్ 1882లోనే క్షయ క్రిమిని చూపించాడు కాని, అది మన దేశంలో ఏ మూల ఎంత ఉందన్నది మరో 70 ఏళ్లకు పైగా ఎవరికీ తెలియలేదు. తెలుసుకున్న తీరు ఈ భాగం. ఇందులో సగం కథ మదనపల్లెది, సగం బెంగళూరుది.

తెలియకపోయినా అంచనాలు మాత్రం ఉండేవి. 1946లో జోసెఫ్ భోర్ కమిటీ నివేదిక, ఏటా 5 లక్షల మంది క్షయతో చనిపోతున్నారనీ, ఇతరులకు అంటించే దశలో ఉన్నవాళ్లు 25 లక్షల మంది ఉంటారనీ లెక్క వేసింది. వాళ్ల కోసం దేశం మొత్తం మీద ఉన్న మంచాలు 6 వేలు. ఈ లెక్కల వెనక ఇంటింటి గణన ఏదీ లేదు. ఒక నమ్మకం మాత్రం ఉంది: క్షయ పట్నాల జబ్బు. మిల్లులు, ఇరుకు చావళ్లు, గాలాడని గదులు ఉన్నచోట అది పుడుతుంది. పల్లెల్లో పచ్చగాలి పీల్చే రైతుకు దాని భయం లేదు. ఇంగ్లండులో, జర్మనీలో ఫ్యాక్టరీలు పెరిగిన రోజుల్లో పుట్టిన నమ్మకం ఇది. వైద్య పుస్తకాలతో పాటు ఓడెక్కి ఇక్కడికీ వచ్చింది. మన పల్లెల గురించి మన పట్నవాసులకున్న భ్రమలు దానికి తోడయ్యాయి.

ఈ నమ్మకానికి మొదటి పగులు పడిన చోటు ఏ రాజధానీ కాదు. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె పక్కన, సుమారు 2,300 అడుగుల ఎత్తున, రాళ్ల గుట్టల నడుమ ఉన్న ఆరోగ్యవరం. కొన్ని ప్రొటెస్టెంటు మిషన్లు కలిసి అక్కడ కట్టిన క్షయ శానిటోరియం 1915లో మొదలైంది. డెన్మార్కు నుంచి వచ్చిన క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ దానికి మొదటి పెద్ద డాక్టరు. అప్పట్లో వైద్యమంటే విశ్రాంతి, పాలు, గుడ్లు, వరండాలో మంచం, పొడి గాలి. కొందరికి ఊపిరితిత్తి చుట్టూ సూదితో గాలి ఎక్కించి దాన్ని ముడుచుకునేలా చేసేవారు, ఆ ముడుపులో పుండు మానుతుందని. మానేవాళ్లకు మానేది.

మద్రాసు రాష్ట్రం నలుమూలల నుంచీ, ఆవలి నుంచీ రోగులు అక్కడికి వచ్చేవారు. అంతమంది వస్తున్నప్పుడు శానిటోరియం రిజిస్టరునే ముందు పెట్టుకుని పటం గీయవచ్చు కదా అనిపిస్తుంది. గీస్తే ఏం వస్తుంది? రైలు స్టేషన్ ఉన్న ఊళ్లు వస్తాయి. నెలల తరబడి పని మానుకుని పడుకోగల స్తోమత ఉన్న ఇళ్లు వస్తాయి. డాక్టరు మాట విన్న కుటుంబాలు వస్తాయి. ఆస్పత్రి రిజిస్టరు జబ్బుకు పటం కాదు, ఆస్పత్రి దాకా రాగలిగినవాళ్లకు పటం. ఈ తేడా ఇప్పుడు మామూలుగా చెప్పేస్తున్నాం కాని, వైద్యులకు ఇది ఒంటబట్టడానికి చాలా కాలం పట్టింది. ఎందుకంటే డాక్టరు రోగిని మాత్రమే చూస్తాడు, రానివాణ్ని చూడడు.

ఆరోగ్యవరం వాళ్లు రానివాళ్ల దగ్గరికి వెళ్లారు. అక్కడ చాలా ఏళ్లు పనిచేసి పెద్ద డాక్టరైన పి.వి. బెంజమిన్, తర్వాత కేంద్ర ప్రభుత్వానికి క్షయ సలహాదారు అయ్యాడు. 1948 ఆగస్టులో దేశంలో బీసీజీ టీకాలు మొదట వేసింది మదనపల్లెలోనే. దాని వెంటే, 1950 నుంచి 1955 దాకా, పాత ఫ్రిమోట్ మోలర్ కొడుకు యోహానెస్ నాయకత్వంలో మదనపల్లె పట్టణాన్నీ చుట్టుపక్కల పల్లెల్నీ కలిపి సుమారు 60 వేల జనాభాను ఇంటింటా లెక్కరాసి పరీక్షించారు. దగ్గేవాళ్లను మాత్రమే కాదు, అందరినీ. ముంజేతి మీద చర్మంలోకి ట్యూబర్క్యులిన్ మందు కొద్దిగా ఎక్కించి, రెండు మూడు రోజులకు మళ్లీ వచ్చి ఆ గట్టిబడ్డ చోటును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచేవారు. ఛాతీ ఎక్స్‌రే తీసేవారు. నీడ కనిపిస్తే తెమడ పట్టేవారు. ప్రపంచంలో అప్పటికి పేద దేశపు గ్రామసీమలో ఇంత పట్టుగా జరిగిన క్షయ గణనలు చాలా తక్కువ. ఆ పని మన మదనపల్లెలో జరిగిందన్న సంగతి మన పాఠ్యపుస్తకాల్లో నాకు కనబడలేదు.

అయితే మదనపల్లె ఒక్కటే దేశం కాదు. శానిటోరియం పక్క ఊరు కాబట్టి అక్కడ జబ్బు ఎక్కువేమో, ఎవరు చూడొచ్చారు? దేశం మొత్తానికి పటం కావాలంటే ఏం చేయాలి? 36 కోట్ల మందికి ఎక్స్‌రే తీయడం అయ్యే పని కాదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చెప్పవచ్చంటారు. కాని ఆ మాట నిజం కావాలంటే ముందు గరిటె పెట్టి కుండంతా కలిపి ఉండాలి. అప్పటిదాకా క్షయ విషయంలో జరిగినవన్నీ పైపై మెతుకులు: కాలేజీ విద్యార్థులు, పోలీసులు, మిల్లు కూలీలు. ఎక్కడ దొరికితే అక్కడ.

కుండను కలిపిన పని భారత వైద్య పరిశోధన మండలిది. 1955 నుంచి 1958 దాకా జరిగిన జాతీయ నమూనా సర్వే అది. ఆరు కేంద్రాలు ఎంచుకున్నారు: ఢిల్లీ, కలకత్తా, తిరువనంతపురం, పాట్నా, హైదరాబాదు, మదనపల్లె. ఆరింట్లో రెండు మన నేల మీదివే. మదనపల్లె పోగా మిగతా అయిదు మహానగరాలో రాజధానులో. వాటి సరసన మదనపల్లె పేరు పడడానికి కారణం వేరే చెప్పనక్కర్లేదు. ఒక్కో కేంద్రం చుట్టూ నగరం, చిన్న పట్టణాలు, పల్లెలు మూడింటి నుంచీ చీట్లు తీసినట్టు కొన్ని చోట్లను ఎంచి, ఆ చోట్ల అయిదేళ్లు నిండిన ప్రతి మనిషినీ పరీక్షించాలి. నచ్చిన ఊరు, రోడ్డున్న ఊరు, బంధువులున్న ఊరు అంటే కుదరదు. చీటీలో ఏ పల్లె పేరు వస్తే ఆ పల్లెకు బండి పోవాల్సిందే.

ఆ బండి పెద్దది. ఎక్స్‌రే యంత్రం, కరెంటు పుట్టించే జనరేటరు అన్నీ దాంట్లోనే. 1955లో కరెంటున్న పల్లెలెన్ని? ముందుగా లెక్కరాసేవాళ్లు వెళ్లి ఇళ్లకు నంబర్లు వేసి, ఇంటిల్లిపాది పేర్లూ వయసులూ చీటీల మీద రాసుకొచ్చేవారు. తర్వాత బండి వచ్చేది. పెద్ద ఫిల్ము ఖరీదు కాబట్టి తెర మీద పడ్డ ఛాతీ బొమ్మను చిన్న ఫిల్ముగా ఫొటో తీసేవారు. ఆ చిన్న ఫిల్మును ఇద్దరు డాక్టర్లు ఒకరికొకరు తెలియకుండా చదవాలి. ఈ ఏర్పాటు ఎందుకంటే ఒకే ఛాతీని ఒకరు బాగుందంటారు, ఇంకొకరు బాగాలేదంటారు. అదే డాక్టరు తన పాత ఫిల్మును కొన్నాళ్లాగి చూస్తే తనతో తానే ఏకీభవించడు. నీడ ఉందన్నవాళ్ల నుంచి తెమడ తీసుకుని, గాజు పలక మీద పూసి, ఎర్ర రంగు వేసి, ఆమ్లంతో కడిగి సూక్ష్మదర్శిని కింద చూస్తారు. ఆమ్లం కడిగినా ఎరుపు వదలని పుల్లల్లాంటివి కనిపిస్తే ఆ మనిషి ఇతరులకు అంటిస్తున్నాడన్నమాట. మూడేళ్లలో ఇలా చూసిన జనం 3 లక్షలకు అటూ ఇటూ.

ఫలితం చూసి ఢిల్లీలో పెద్దలు ఏమనుకున్నారో గాని, నాకు మాత్రం ఇది ఆ దశాబ్దపు పెద్ద వార్తల్లో ఒకటి. కేంద్రాన్ని బట్టి వెయ్యిమందిలో 13 నుంచి 25 మంది ఛాతీల్లో క్షయ నీడ ఉంది. వెయ్యికి 2 నుంచి 8 మంది తెమడలో క్రిమి ఉంది. ఆడవాళ్లకన్నా మగవాళ్లలో ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ ఎక్కువ. ఇక నగరానికీ పల్లెకూ? చెప్పుకోదగ్గ తేడా లేదు. కలకత్తా ఇరుకు సందుల్లో ఎంత ఉందో, రాయలసీమ పల్లెల్లో, తెలంగాణ పల్లెల్లో రమారమి అంతే ఉంది. పచ్చగాలి ఎవరినీ కాపాడలేదు.

1951 జనాభా లెక్కల ప్రకారం నూటికి 82 మందికి పైగా పల్లెల్లో ఉన్నారు. జబ్బు అంతటా సమానంగా ఉంటే రోగుల్లో అయిదింట నాలుగు వంతులు పల్లెల్లోనే ఉన్నట్టు. మంచాలన్నీ పట్నాల్లో! వెయ్యికి నలుగురు లెక్కన అంటించే రోగులు దేశంలో 15 లక్షల మంది తేలారు. ఎన్ని శానిటోరియంలు కట్టినా అందరికీ మంచం ఇవ్వడం కల్ల. దేశానికి పటం దొరికింది, దాంతో పాటే అప్పటిదాకా నమ్ముకున్న వైద్యపద్ధతికి తెర పడింది. అదృష్టం కొద్దీ అదే సమయంలో మద్రాసు నుంచి ఇంకో కబురు వచ్చింది. 1956లో అక్కడ మొదలైన క్షయ చికిత్సా కేంద్రంలో, శానిటోరియం మంచం మీద మందు తీసుకున్నవాళ్లకూ ఇరుకు ఇళ్లలో ఉండి అదే మందు ఏడాది పాటు తీసుకున్నవాళ్లకూ దాదాపు ఒకేలా నయమైందని 1959లో తేలింది. ఇంట్లో ఉన్నందువల్ల ఇంటివాళ్లకు ఎక్కువగా అంటిందీ లేదు. నయం చేసింది ఐసోనియాజిడ్, పీఏఎస్ బిళ్లలు. వరండా గాలి కాదు.

రోగులు ఎక్కడున్నారో తెలిసింది, మందు ఉంది, మంచం అక్కర్లేదు. ఇక మిగిలింది ఆ మందును ఆ పల్లె దాకా చేర్చడం. ఈ ప్రశ్న కోసమే బెంగళూరులో ఒక సంస్థ పుట్టింది.

బళ్లారి రోడ్డు మీద మైసూరు రాజవంశానికి చెందిన ‘అవలాన్’ అనే బంగళాలో 1959లో జాతీయ క్షయ సంస్థ మొదలైంది. 1960లో నెహ్రూ వచ్చి లాంఛనంగా ప్రారంభించాడు. డబ్బు, మనుషులు, యంత్రాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ చేయి కలిపాయి. రాజుగారి బంగళాలో చేరినవాళ్లు మాత్రం రాజవైద్యులు కాదు. ఛాతీ డాక్టర్ల పక్కన గణాంకాలవాళ్లు, వాళ్ల పక్కన సమాజశాస్త్రం వాళ్లు కూర్చున్నారు. జబ్బు మీద పరిశోధనకు సమాజశాస్త్రమెందుకని అప్పట్లో చాలామంది నవ్వి ఉంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తరఫున అక్కడ పనిచేసినవాళ్లలో హాఫ్‌డాన్ మాలర్ అనే డేనిష్ డాక్టరు ఉన్నాడు. 1973లో ఆయనే ఆ సంస్థకు అధిపతి అయ్యాడు. 1978లో ఆల్మా ఆటాలో ‘అందరికీ ఆరోగ్యం’ అంటూ ప్రాథమిక వైద్యాన్ని ముందుకు తెచ్చిన మనిషి ఆయనే. ఆ ఆలోచనకు తుమకూరు జిల్లా మట్టి కొంత అంటుకుని ఉందని నా నమ్మకం. ఎందుకో చెబుతాను.

పల్లె జనం గురించి అప్పటి అధికారుల మాట ఒకటుండేది: వాళ్లకు జబ్బు స్పృహ లేదు, దగ్గితే మంత్రగాడి దగ్గరికి పోతారు, మనం ఊరూరా ఎక్స్‌రే బండి తిప్పి వెతికి పట్టుకోవాలి. వైద్యంతో పాటు మానవశాస్త్రమూ చదివిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్‌తో కలిసి దీన్ని పరీక్షకు పెట్టాడు. బెంగళూరుకు 70 కిలోమీటర్ల దూరంలో ఉన్న తుమకూరు జిల్లాలో సర్వే బృందం ఎక్స్‌రేలు తీసి వెళ్లాక, నీడ ఉన్నవాళ్ల ఇళ్లకు వీళ్లు వెళ్లారు. అవే ఊళ్లలో ఏ నీడా లేనివాళ్ల దగ్గరికీ వెళ్లారు. అడిగింది క్షయ గురించి కాదు. ఒంట్లో ఎలా ఉంది, ఏదైనా బాధగా ఉందా, దానికేం చేశారు అని.

1963లో అచ్చయిన ఆ ఫలితాలు: తెమడలో క్రిములున్నవాళ్లలో 95 శాతం మందికి తమ ఒంట్లో ఏదో తేడా ఉందని తెలుసు. 72 శాతం మంది దాని గురించి దిగులు పడుతున్నారు. 52 శాతం మంది అప్పటికే ఏదో ఒక వైద్యం కోసం వెళ్లారు, అదీ ఇంగ్లీషు వైద్యం దొరికే చోటికి. సగం మంది రోగులు బండి రాకముందే ప్రభుత్వ డిస్పెన్సరీ మెట్లెక్కి, వరసలో నిలబడి, దగ్గుతోంది బాబూ అని చెప్పుకున్నవాళ్లే. అక్కడ వాళ్లకు దొరికింది సీసాలో దగ్గుమందు. తెమడ పరీక్ష చేసినవాడు లేడు. సీసా అయిపోయాక మళ్లీ వెళ్లారు, మళ్లీ సీసా. చివరికి విసిగి మానేశారు.

ఇక్కడ పటం అర్థమే మారిపోయింది. చుక్క పెట్టాల్సింది రోగి ఇంటి మీదా, ఆ రోగిని సీసాతో తిప్పి పంపిన డిస్పెన్సరీ మీదా? అజ్ఞానం పల్లెదని అనుకుంటూ వచ్చాం. ఆ 52 శాతం ముందు ఆ మాట నిలవదు.

దీన్నిబట్టి వేసిన పథకం చాలా సాదాగా ఉంటుంది. ఊరూరా బండి తిప్పనక్కర్లేదు. దగ్గుతో తానుగా వచ్చినవాడి తెమడను దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలోనే సూక్ష్మదర్శిని కింద చూడాలి. క్రిమి కనిపిస్తే అక్కడే మందివ్వాలి. జిల్లా కేంద్రంలో ఒక చిన్న బృందం ఉండి పల్లె కేంద్రాలకు పని నేర్పి, లెక్కలు చూసుకోవాలి. ఈ జిల్లా నమూనాకు దేశంలో మొదటి చోటు 1961లో మన అనంతపురం. 1962లో దాన్నే జాతీయ క్షయ కార్యక్రమంగా దేశమంతటికీ పరిచారు. జిల్లాల నుంచి డాక్టర్లూ ల్యాబ్ సిబ్బందీ శిక్షణ కోసం అవలాన్‌కు రావడం అప్పటి నుంచీ మామూలైంది.

ఇంకో పని కూడా అప్పుడే జరిగింది. దాన్ని గురించి రాసేటప్పుడు నా కలం కొంచెం ఆగుతుంది. 1961 నుంచి 1968 దాకా ఆ సంస్థ బెంగళూరు జిల్లాలోని మూడు తాలూకాల్లో 119 పల్లెల్ని ఎంచుకుని, అవే పల్లెలకు మళ్లీ మళ్లీ వెళ్లి లెక్క తీసింది. ఒక్కసారి తీసిన లెక్క ఫొటో లాంటిదే, జబ్బు ఎటు కదులుతోందో చెప్పదు. మళ్లీ మళ్లీ తీస్తే కొత్తగా ఎంతమందికి వస్తోంది, వచ్చినవాళ్లు ఏమవుతున్నారు అన్నది తెలుస్తుంది. ఆ ఊళ్లలో అప్పటికి సంఘటితమైన క్షయ చికిత్స ఏదీ లేదు. మొదటి విడతలో తెమడలో క్రిమితో దొరికినవాళ్లు అయిదేళ్ల తర్వాత ఎలా ఉన్నారో చూస్తే, దాదాపు సగం మంది చనిపోయారు. మూడోవంతు మందికి దానంతటదే తగ్గింది. మిగిలిన 18 శాతం మంది బతికున్నారు, ఇంకా క్రిములు వదులుతూనే ఉన్నారు. 1974లో ప్రచురించిన ఈ లెక్కను ఇవాళ్టికీ ప్రపంచంలో క్షయ గురించి రాసే ప్రతి పండితుడూ వాడుకుంటాడు, ఎందుకంటే మందు లేకపోతే క్షయ ఏం చేస్తుందో మందుల కాలంలో పల్లెలో నిలబడి చూసినవాళ్లు మరెవరూ పెద్దగా లేరు.

అవే రోజుల్లో మద్రాసులో బిళ్లలున్నాయి, అనంతపురంలో బిళ్లలున్నాయి. ఈ పల్లెలు గీసిన గీతకు ఇవతల పడ్డాయి. అందరికీ సరిపడా మందు లేదు, నిజమే. మనుషుల మీద పరిశోధనకు నేటి నైతిక నియమాలు అప్పటికి రూపు కట్టలేదు, అదీ నిజమే. ఇవాళ ఏ సంఘమూ దానికి అనుమతివ్వదు. ఆ శాతాలను పుస్తకాల్లో చూసినప్పుడల్లా వాటి వెనక ఊళ్లున్నాయని తలుచుకోక తప్పదు.

తర్వాతి ముప్ఫై ఏళ్ల కథ త్వరగా చెప్పవచ్చు. పథకం కాగితం మీద బాగుంది, పల్లెకు చేరేసరికి డబ్బులేదు, బిళ్లలు సమయానికి రావు, మొదలుపెట్టినవాళ్లలో ఎంతోమంది మధ్యలో మానేస్తారు. 1992లో సమీక్ష జరిపినప్పుడు ఇదే బయటపడింది. 1993లో కొత్త రూపంలో పథకం మొదలై, 1997 నుంచి సిబ్బంది కళ్లముందే బిళ్ల మింగించే పద్ధతి దేశమంతా పాకింది. 2012లో క్షయ రోగి ఎవరి దగ్గరికి వచ్చినా, అది ప్రైవేటు ఆస్పత్రి అయినా, ప్రభుత్వానికి తెలపాలన్న ఉత్తర్వు వచ్చింది. అదే ఏడాది నిక్షయ్ అనే కంప్యూటరు ఖాతా తెరిచారు. ఇప్పుడు ఏ జిల్లాలో ఎందరు రోగులు నమోదయ్యారో తెర మీద రంగుల్లో కనిపిస్తుంది. ఆరోగ్యవరం రిజిస్టరుకున్న తిరకాసు దీనికీ ఉంది. రంగు ముదిరిన జిల్లాలో జబ్బు ఎక్కువో, వెతకడం ఎక్కువో చెప్పలేం.

అందుకే మళ్లీ బండి తీయాల్సి వచ్చింది. 1958 తర్వాత దేశవ్యాప్తంగా ఇంటింటికీ వెళ్లి క్షయ రోగుల్ని లెక్కపెట్టిన సర్వే 2019 నుంచి 2021 దాకా జరిగింది, మధ్యలో కోవిడ్ అడ్డం పడినా. 3 లక్షల పైచిలుకు మందిని పరీక్షించారు. 15 ఏళ్లు దాటినవాళ్లలో లక్షకు 316 మందికి ఊపిరితిత్తుల క్షయ ఉన్నట్టు ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. ఢిల్లీలో లక్షకు 534, కేరళలో 151. ఈసారి ఫిల్ములు లేవు, డిజిటల్ ఎక్స్‌రే. తెమడను జన్యుపరీక్ష యంత్రంలో పెట్టారు. 1955 నాటి లెక్కలతో వీటిని తిన్నగా పోల్చకూడదు, వయసు వేరు, పరీక్ష వేరు.

కాని ఆ నివేదికలో బెనర్జీ అడిగిన ప్రశ్నకు చుట్టమైన ప్రశ్న ఒకటుంది. లక్షణాలున్నవాళ్లలో 64 శాతం మంది ఏ వైద్యుడి దగ్గరికీ వెళ్లలేదట. ఎందుకు వెళ్లలేదంటే, వాళ్లలో 68 శాతం మంది లక్షణాల్ని పట్టించుకోలేదని ఒక గడిలో రాశారు. డబ్బు లేక వెళ్లలేదన్నవాళ్లు 2 శాతం. ‘పట్టించుకోలేదు’ అన్న గడి దగ్గర బెనర్జీ ఆగేవారు కాదనుకుంటాను. కూలి పోగొట్టుకుని వెళ్లి, సీసా తెచ్చుకున్న అనుభవం ఆ ఇంట్లో అంతకు ముందు ఎవరికైనా ఉందా అని అడిగేవారు. ఆ ప్రశ్న ఈ సర్వే ఫారంలో లేదు.

(వచ్చే వారం: 1968లో చెంగల్పట్టులో మొదలైన బీసీజీ ప్రయోగం, 1979లో వచ్చిన ఎవరూ ఊహించని ఫలితం, దానికి చాలా ముందే టీకా మీద రాజాజీ లేవదీసిన వివాదం.)